చొల్లంగి అమావాస్య నాటి రెండు పక్షులు

చొల్లంగి అమావాస్య నాడు తీర్థానికొచ్చిన జనమంతా తూర్పుకి తిరిగి మునకలేస్తుంటే, వాళ్ళకి వీపు పెట్టి చెరువు గట్ల వైపు చూస్తూ నిలబడే ముసలావిడ ఎవరా అని మీలో ఎవరికైనా అనుమానం వచ్చి ఉంటే, అది నేనే. మెళ్ళో బైనాక్యులర్స్, నెత్తిన మంకీ క్యాప్, చీర మీద మా అబ్బాయి వదిలేసిన పాత స్వెట్టరు. చూసినవాళ్ళు ఊరికే పోరు కదా. "ఏం పోయిందండి?" అని అడుగుతారు. ఒక ఏడాది ఒకావిడ, పిల్లెవరో తప్పిపోయిందనుకుని నాతోపాటు కాసేపు వెతికింది కూడా. పిట్టల్ని చూస్తున్నానమ్మా అంటే, "ఇవాళ కూడానా!" అని నొసలు చిట్లించి వెళ్ళిపోయింది.

ఆవిడ మాటలో సబబు లేకపోలేదు. పుష్య బహుళ అమావాస్య అది. ధవళేశ్వరం దగ్గర రెండుగా చీలిన గోదావరి సముద్రం చేరేలోపు ఏడు పాయలైందనీ, ఒక్కో పాయనీ ఒక్కో ఋషి వెంటబెట్టుకుపోయాడనీ మా వైపు చెప్పుకుంటారు. వాటిలో తుల్యభాగ కడలిలో కలిసే చోటు చొల్లంగి. కాకినాడ నించి యానాం రోడ్డున వెళ్తుంటే కోరంగి కంటే ముందొస్తుంది. సప్తసాగర యాత్ర చేసేవాళ్ళు ఇక్కడ తొలి మునక వేసి, సంగమం తరవాత సంగమం చూసుకుంటూ, భీష్మ ఏకాదశి వేళకి అంతర్వేది చేరతారు. పిల్లలు లేని దంపతులకి ఈ యాత్ర ఫలిస్తుందని నమ్మకం. అలాంటి రోజున చేతికందిన పుణ్యం వదిలేసి పిట్టల లెక్కలేమిటని ఆవిడ బాధ.

ఈ రేవు నాకు ఊహ తెలిసినప్పటినించీ తెలుసు. మా నాన్నగారు పురోహితులు. అమావాస్య నాడు మోకాలిలోతు నీళ్ళలో నిలబడి, చలికి పళ్ళు కొట్టుకుంటున్న యాత్రికుల చేత సంకల్పం చెప్పించేవారు. నేను గట్టు మీద తడి దక్షిణలు పైటకొంగులో కట్టుకుని కూచునేదాన్ని. ఆయనకి నచ్చని విషయం ఒకటే. సంకల్పం మధ్యలో నేను చెయ్యెత్తి "నాన్నా, అటు చూడండి" అని అరవడం. ఆయన చూసేవారు కాదు. గోత్రం అడుగుతున్న మనిషి పిట్టని చూస్తే గోత్రం తప్పుతుందిట.

మా ఇంటి అరుగు మీద శీతాకాలం మధ్యాహ్నాలు నలుగురైదుగురు కుర్రాళ్ళకి ఆయన ఉపనిషత్తులు చెప్పేవారు. ఆడపిల్లని గనక నాకు అరుగు మీద చోటు లేదు. గడప లోపల కూచుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వినడానికి మాత్రం అడ్డులేదు. ముండకంలో రెండు పక్షుల మంత్రం అలాగే విన్నాను. ఒకే చెట్టు మీద రెండు పక్షులు, విడిపోని స్నేహితులు. ఒకటి పండు తింటుంది. రెండోది తినదు, ఊరికే చూస్తుంది. తినేది జీవుడు, సుఖదుఃఖాలు వాడివి. చూసేది సాక్షి, దానికేమీ అంటదు. కుర్రాళ్ళు తలలూపారు. నేను గడప లోపల్నించి, "అవి ఏ పిట్టలు నాన్నా?" అన్నాను.

"పిట్టలు కావే, ఉపమానం" అన్నారు.

తరవాత నేను జువాలజీ చదివి, కాలేజీలో అదే పాఠం చెప్పి, 2016లో రిటైరయ్యేదాకా ఆయన ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ ఈ సంగతి చెప్పి, "మా అమ్మాయి ఉపమానాల్ని కూడా కోసి చూస్తుంది" అని నవ్వేవారు.

నిజం చెప్పాలంటే ఆ రోజునించీ నా మనసు చూసే పక్షి మీదే. తినడం ఎవరికి రాదు? పెళ్ళి భోజనాల దగ్గరా, ఆస్తి పంపకాల దగ్గరా, డిపార్టుమెంటు గదిలో టైంటేబుల్ దగ్గరా తినే పక్షులు నాకు చాలానే తగిలాయి. రెక్క కదపకుండా చూడగలిగిన పక్షి ఒక్కటీ తగల్లేదు. నేనలా అవుదామనుకున్నాను. రిటైరయ్యాక ఏటా నవంబరు నించి ఫిబ్రవరి దాకా చొల్లంగి, కోరంగి, కాకినాడ కుంభాభిషేకం రేవు, ఉప్పాడ గట్టు తిరగడం మొదలుపెట్టింది వ్యాయామం కోసం అని డాక్టరుకి చెప్పాను. లోపల మాట వేరు. ముట్టుకోకుండా, కొయ్యకుండా, పట్టుకోకుండా, పేరు రాసుకుని వచ్చెయ్యడం. పదేళ్ళు అది నా పాలిటి సాధన. ఇప్పుడు నాకా ధీమా లేదు. ఎందుకు లేదో చెప్పడానికే ఇదంతా.

ముందు బురద గురించి చెప్పాలి. అమావాస్యకీ పౌర్ణమికీ సూర్యుడూ చంద్రుడూ ఒక వరసలోకొచ్చి సముద్రాన్ని కలిసి లాగుతారు. అందుకని ఆ రోజుల్లో పోటెంత పెద్దదో ఆటూ అంత పెద్దది. మా తీరంలో స్నానాల వేళ పొద్దున్న నీళ్ళు ఎక్కుతూంటాయి, మధ్యాహ్నం తిరిగాక వెనక్కి నడుస్తాయి. కాకినాడ అఖాతానికి అడ్డంగా హోప్ ఐలాండ్ ఉంది కదా, రెండు వందల ఏళ్ళుగా గోదావరి తెచ్చిపోసిన ఇసుకతో పొడుగ్గా పెరిగిన దిబ్బ. దాని చాటున అఖాతం లోతులేకుండా, పళ్ళెంలా ఉంటుంది. నీరు కాస్త దిగిందంటే చాలు, కనుచూపు మేర బురద బయటపడుతుంది. మునిగి పాపం వదిలించుకునేవాళ్ళకి పొద్దుటి పోటు, దిగి పురుగు ఏరుకునేవాళ్ళకి సాయంత్రపు ఆటు. ఒకే అమావాస్య ఇద్దరికీ పనికొస్తుంది.

పోటు వేళ పిట్టలకి నిలబడే చోటుండదు. అన్నీ వచ్చి మెరక మీద గుమిగూడతాయి. ఒంటికాలి మీద, ముక్కు వీపు ఈకల్లో దూర్చి, గాలికి ఎదురుగా. నేను జనానికి వీపు పెట్టి చూసేది అప్పుడే. ఆటు మొదలవగానే నీటి అంచు వెంబడే దిగుతాయి. ఆ దిగడంలో ఎవరి మర్యాద వాళ్ళది. కర్ల్యూకి జానెడు పొడుగు వంపు ముక్కు, లోతు బురదలోంచి పీతని లాగుతుంది. ఇసుక ప్లవర్ది పొట్టి ముక్కు, పెద్ద కళ్ళు. నాలుగడుగులు పరిగెత్తి, ఆగి, పైన కదిలినదాన్నే తీసుకుంటుంది. మధ్యలో ఉల్లంకులు, కుట్టుమిషను సూదిలా టకటకా పొడుచుకుంటూ పోతాయి. ఒకే విస్తరి, ఒకళ్ళ ముద్ద ఇంకొకళ్ళకి అందదు. వాటిలో వంపుముక్కు ఉల్లంకి, పుస్తకాల్లో కర్ల్యూ శాండ్‌పైపర్, బరువు కోడిగుడ్డంత. అది గుడ్డు పెట్టేది సైబీరియా ఉత్తరపు కొసన, మంచు కరిగిన బయళ్ళలో. చలికాలం గడపడానికి మన చొల్లంగి బురద.

మా పడవాయన వీటన్నిటినీ కలిపి బురదపిట్టలంటాడు. తినడానికి పనికిరానంత చిన్నవి గనక వేరే పేర్లు పెట్టలేదుట. పెద్దవాటికి మాత్రం పేర్లున్నాయి. బాపనబాతు అంటాడు, చక్రవాకాన్ని. నాకేసి ఓరగా చూసి మరీ అంటాడు.

గ్రేట్ నాట్ అనే పిట్ట కూడా ఈ తీరానికొస్తుంది. దాని గురించి 2000లో ఒక పరిశోధన అచ్చయింది. ఆస్ట్రేలియా వాయవ్య తీరంలో బయల్దేరి చైనాలో దిగడానికి అది ఐదు వేల కిలోమీటర్ల పైచిలుకు ఆగకుండా ఎగురుతుంది. బయల్దేరే ముందు కొన్నిటినీ, దిగినవాటిలో కొన్నిటినీ కోసి తూచారు. కొవ్వే కాదు, పేగులు, కాలేయం, కండలు, అన్నీ తరిగిపోయి ఉన్నాయి. తరగనివి రెండే, మెదడూ ఊపిరితిత్తులూ. దారిలో తిండి దొరకదు గనక ఆ పిట్ట తన్ను తానే తింటూ పోతుందన్నమాట.

ఇది నేను నాన్నగారికి చెప్పింది ఆయన చివరి రోజుల్లో. అప్పటికి నీటికాసులతో రెండు కళ్ళూ పోయాయి. సాయంత్రం నేను తిరిగొచ్చేసరికి మంచం మీద లేచి కూచుని, ఇవాళేం చూశావని అడిగేవారు. చిన్నప్పుడు చూడమంటే చూడని మనిషి. రంగులు చెప్తే ఆయనకి ఆసక్తి లేదు. ఏం తిన్నాయి, ఎలా తిన్నాయి, ఎంత తిన్నాయి, అవే ప్రశ్నలు. గ్రేట్ నాట్ సంగతి విని చాలాసేపు ఊరుకుని, "గుండె కూడానా?" అన్నారు.

"గుండె కూడా తరుగుతుంది నాన్నా."

మళ్ళీ ఏమీ అనలేదు. భోజనం పెట్టబోతే ఆ పూట వద్దన్నారు.

ఆ రాత్రి నాకు తట్టింది. రెండు పక్షుల మంత్రం ముండకం కంటే ముందు ఋగ్వేదంలోనే ఉంది, మొదటి మండలం నూట అరవై నాలుగో సూక్తంలో. ఆ సూక్తానికి ఋషి దీర్ఘతముడు. పుట్టు గుడ్డివాడని మహాభారతం చెప్తుంది. తినకుండా చూస్తూ ఉండే పక్షిని కన్నది చూపులేని మనిషి! కళ్ళున్నవాళ్ళం చూపుని ఇంత గొప్ప చేస్తాం. లేనివాడికి అది ఎక్కడో కొమ్మ మీద, తనకి పక్కన ఉన్న ఇంకొకరిదిలా అనిపించిందేమో. వ్యాఖ్యానాలు చదివినంతమేరకి ఈ కోణం ఎవరూ పట్టించుకున్నట్టు నాకు కనిపించలేదు. పండితులకి వేరే పనులున్నాయి. ఆ రెండు పక్షులూ వేరనీ, ఎప్పటికీ వేరేననీ మధ్వాచార్యులవారి పక్షం. జీవుడు జీవుడే, ఈశ్వరుడు ఈశ్వరుడే. శంకరులు బ్రహ్మసూత్ర భాష్యంలో పైంగి రహస్య బ్రాహ్మణాన్ని చూపించి ఇంకో అర్థం కూడా ఇస్తారు. తినే పక్షి అంతఃకరణం, చూసే పక్షి క్షేత్రజ్ఞుడు అని. అంటే తినేది అసలు 'నేను' కానే కాదన్నమాట. నాన్నగారు స్మార్తులు గనక మా ఇంట్లో ఈ అర్థానికి గౌరవం ఎక్కువ. నాకైతే అది మరీ అనువుగా ఉండేది. తిన్నదంతా మనసు ఖాతాలో రాసి, నేను చేతులు కడుక్కోవచ్చు.

ఇంక ఈ ఏటి సంగతి. అమావాస్య 2026 జనవరి 18, ఆదివారం పడింది. సంక్రాంతి వెళ్ళీ వెళ్ళగానే. జనవరిలో నీటిపక్షుల లెక్కింపు జరుగుతుంది. ఆసియా అంతటా, 1987 నించీ. ఉద్యోగం ఉన్నవాళ్ళు సెలవు పెట్టి వస్తారు, నాలాంటివాళ్ళు ఊరికే వస్తారు. పొద్దున్న పోటులో గట్టు మీద లెక్క, మధ్యాహ్నం ఆటులో పడవ మీద లెక్క. పడవాయన యాభై దాటిన మనిషి, తరతరాలుగా చేపలవేటే. నన్ను పంతులమ్మగారంటాడు. పంతులు గారి కూతురనో, పాఠాలు చెప్పాననో, నేనడగలేదు. వాళ్ళ తాత రంగూన్లో ఓడల మీద మూటలు మోశాడు. కోరంగి రేవు పేరే బర్మాలో తెలుగువాళ్ళందరికీ పేరైపోయింది కదా. కోతలయ్యాక వెళ్ళి, డబ్బు కట్టుకుని, మళ్ళీ ఊడ్పులకి వచ్చినవాళ్ళున్నారు. రానివాళ్ళూ ఉన్నారు. వలసపిట్టలని నేనంటే, "మా తాతలాగేనన్నమాటండి" అని మొదటి ఏడే తేల్చేశాడు.

నీరు దిగింది. పడవ బురద అంచుకి ఆనించి గెడ గుచ్చాడు. ఎదురుగా వంపుముక్కు ఉల్లంకుల మంద. ఇలాంటివాటిని ఒకటీ రెండూ అని లెక్కపెట్టకూడదు. కంటితో పదిని ఒక ముద్ద చేసుకుని, ఆ ముద్దని మంద మీద పరుచుకుంటూ పోవాలి. ఒకసారి కొసదాకా, మళ్ళీ వెనక్కి. రెండుసార్లూ 212 వచ్చింది. అలా కలవడం నా అదృష్టం, మామూలుగా ఇరవై ముప్ఫై తేడా పడుతుంది. పెన్సిలు తీసి రాశాను.

మంద ఒక్కసారి లేచింది. పొగ లేచినట్టు లేచి, మెలితిరిగి, తెల్లగా మెరిసి, నల్లబడి, మళ్ళీ తెల్లబడింది. పైనించి భైరి డేగ. అది దూకడం నాకు కనిపించలేదు. కనిపించింది, అయిపోయాక గాల్లో తేలుతున్న నాలుగు ఈకలు. డేగ వెళ్ళి వల కట్టే రాట మీద వాలింది. కాలి కింద ఏదో ఉంది. తీరిగ్గా ఈకలు పీకడం మొదలుపెట్టింది.

నేను బైనాక్యులర్స్ దించలేదు. దించకపోవడమే నాకు గొప్పగా ఉండేది ఇన్నాళ్ళూ. సాక్షి ఏడవడు. అప్పుడు వెనకనించి పడవాయన, "పంతులమ్మగారండీ, ఆ వాల్మీకి గారు డేగని కూడా శపిస్తారంటారా?" అన్నాడు.

క్రౌంచపక్షి కథ తనకి నేనే చెప్పాను, రెండేళ్ళ కిందట. జంటలో మగపక్షిని బోయవాడు కొడితే, ఆడపక్షి ఏడుపు విని వాల్మీకి నోట శాపం వచ్చిందనీ, ఆ శాపమే శ్లోకమైందనీ, అక్కణ్ణించే రామాయణమనీ. ఆ క్రౌంచం బెగ్గురు పక్షి, సారసమై ఉంటుందని ఒక పరిశోధకురాలు పెద్ద వ్యాసం రాశారని కూడా చెప్పాను. ఆ జాతి వివరం తను పట్టించుకోలేదు. బోయవాడి సంగతే పట్టుకున్నాడు. ఇంట్లో పిల్లలేమైనా తిన్నారో లేదో ఆ పూట, ఆ మాట ఎవరూ రాయలేదేమండీ అన్నాడు అప్పుడే. "ఆయనా ముందు వేటగాడేనంటారు కదండి" అని ఇంకో ముల్లు.

నేను శిబి చక్రవర్తి కథ ఎత్తుకున్నాను. పావురాన్ని కాపాడాడు, డేగ ఆకలి కూడా ఆకలేనని ఒప్పుకున్నాడు, తన తొడ కోసి తూకం వేశాడు. మన కథల్లో డేగ పక్షం కూడా విన్నవాడున్నాడయ్యా అని. తను శ్రద్ధగా విన్నాడు. "చివరికి ఆ మాంసం డేగ తిందాండి?"

"లేదు. అది నిజం డేగ కాదు. ఇంద్రుడు. పావురం అగ్ని. పరీక్షించడానికొచ్చారు."

"అయితే నిజం డేగలకి దాంతో పనిలేదండి" అని గెడ సర్దుకున్నాడు.

వాళ్ళ నాన్న వల పన్ని బాతుల్ని పట్టి బజార్లో అమ్మేవాడు. 1972 వన్యప్రాణి చట్టం తరవాత చాటుగా, ఆ తరవాత అదీ లేదు. తను ఒక్క పిట్టనీ పట్టలేదు. కానీ పట్టినవాళ్ళ కొడుకునని చెప్పడానికి సిగ్గుపడడు. నేనేమో సిగ్గుపడాల్సింది ఒకటి దగ్గరుంచుకుని, పదేళ్ళుగా తనకి అహింస చెప్తున్నాను. అది ఆ రాట మీద డేగ భోంచేస్తున్నంతసేపూ నాకు గుర్తుకొస్తూనే ఉంది.

మా నాన్నగారికి దానంగా వచ్చిన ఎకరమున్నర తోడు ఇంకో రెండెకరాలు కలిపి, నా తమ్ముడు రొయ్యల చెరువుకి కౌలుకిచ్చాడు. ఏటా నా వాటా డబ్బు నా ఖాతాలో పడుతుంది. మేం రొయ్య ముట్టం. చెరువు దారిలో వెళ్తే ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంటాం. కౌలుదారు నీటికాకులూ కొంగలూ దిగకుండా చెరువు మీద నైలాను తాళ్ళు అల్లిస్తాడు, టపాకాయలు పేలుస్తాడు. తాళ్ళలో రెక్కలు చిక్కుకున్నవి కొన్ని అలాగే ఎండిపోతాయి. నా మెళ్ళో ఉన్న ఎనిమిది రెట్ల బైనాక్యులర్స్ మొదటి ఏడాది కౌలు డబ్బుతో కొన్నదే. మంటపట్టిన తోక దాచుకున్నట్టు ఆ సంగతి దాచుకున్నాను. పొద్దున్న పోటు వేళ ఉల్లంకులు గుమిగూడి నిలబడ్డ మెరక కూడా, రెండు పంటల మధ్య ఎండగట్టిన మా చెరువే. వాటిని తరిమేదీ మా నేలే, నిలబెట్టేదీ మా నేలే. నేను చూడ్డానికి కావలసిన కన్నూ ఆ నేల తిన్న తిండిలోంచి వచ్చిందే.

ఈ లెక్కన నేనే పక్షిని?

మంద తిరిగొచ్చి మళ్ళీ అక్కడే వాలింది. ఎంతసేపు? నాలుగైదు నిమిషాలు కూడా కాలేదు. డేగ ఎదురుగా రాట మీదే ఉంది. ఇవి మళ్ళీ బురదలోకి ముక్కులు దించాయి. నేను ఈసారి లెక్క మానేసి ఒక్క పిట్టనే పట్టుకున్నాను. తల దించి పొడుస్తుంది, నాలుగుసార్లు, ఐదుసార్లు. తలెత్తుతుంది. పక్కకి వంచి ఒక కంటితో ఆకాశం చూస్తుంది. మళ్ళీ దించుతుంది. ఇది దించినప్పుడు పక్కది ఎత్తుతుంది. పక్కది దించినప్పుడు ఇంకొకటి. క్లాసులో పిల్లలకి ఏళ్ళ తరబడి చెప్పిన పాఠమే ఇది. మందలో ఒక్కొక్కటీ వంతులవారీగా కాపలా కాస్తుంది, అందుకే మందలో ఉన్న పిట్ట ఎక్కువ తినగలుగుతుంది అని. పరీక్షలో నాలుగు మార్కుల ప్రశ్న. దాన్ని అరుగు మీద విన్న మంత్రానికి పక్కన ఒక్కసారి కూడా పెట్టుకోలేదు నేను.

పెట్టుకుంటే ఏమైందంటే, ఆ బురద మీద తినే పక్షి, చూసే పక్షి అని రెండు లేవు. తలెత్తడానికి ఓపిక తిన్నదాంట్లోంచి వస్తుంది. తినడానికి ప్రాణం చూసినదాంట్లోంచి మిగుల్తుంది. తినకుండా చూస్తూ ఉండిపోయేది ఏదైనా ఉందంటే, అక్కడ, ఆ పూట, అది పడవలో కూచున్న నేనే. నాకు ఆకలి లేదు గనకా, నా తిండి ఇంకెవరో ఎక్కడో నా బదులు తల దించి సంపాదిస్తున్నారు గనకానూ. దాన్ని నేను వైరాగ్యం అనుకున్నాను. శంకరులు చెప్పిన క్షేత్రజ్ఞుడికీ నెలనెలా పెన్షనూ ఏడాదికోసారి కౌలూ పడే సాక్షికీ చాలా దూరం ఉంది. ఆ దూరం మంత్రంలో లోపం కాదు. మంత్రం నాకు అందిన తీరులో లోపం. ముండకంలో ఆ తరవాతి మాట కూడా ఉంది. తినే పక్షి మునిగిపోయి ఏడుస్తూ, తలెత్తి పక్కనున్నదాన్ని చూసినప్పుడు దాని శోకం తీరుతుందని. చూసే పక్షికి అక్కడ ఏ పనీ చెప్పలేదు. చూపు మారాల్సింది తినేదానికే. గడప లోపల చిక్కుడుకాయలు ఒలిచేదాన్ని, ఆ భాగం వచ్చేసరికి అమ్మ కూరకి పిలిచిందో ఏమో.

నాన్నగారుంటే ఇది ఒప్పుకునేవారు కాదు. "సాక్షిని కూడా కోసి చూశావూ?" అనేవారు. ఆయనతో ఒక మాట మాత్రం అడగాలని ఉంది. సంకల్పం మధ్యలో పిట్టని చూస్తే గోత్రం తప్పుతుందని ఆయనకెలా తెలుసు? ఒకసారైనా చూసి, తప్పి ఉంటేనే కదా.

ఎండ పల్చబడింది. మడ అడవి మీదుగా తెల్ల కొంగలు వరసలు కట్టి గూళ్ళకి పోతున్నాయి. డేగ ముక్కు రాటకి అటూ ఇటూ రాసి తుడుచుకుని, చాలాసేపు అలాగే కూచుంది. తిన్నాక దానికి కూడా చూడ్డం తప్ప పనిలేదు. పడవాయన పోటు తిరుగుతోందనీ, ఇంక గెడ తీద్దామనీ అన్నాడు. పొద్దుటినించీ నేనేమీ తినలేదని తనకి తెలుసు, అమావాస్య ఒంటిపూట. ఇంటినించి తెచ్చుకున్న అరటిపండు ఒకటి తీసి ఇచ్చాడు. వద్దనబోయి తీసుకున్నాను. తను నీళ్ళకేసి తిరిగి కూచున్నాడు, నేను తినేటప్పుడు చూడకుండా.

కాగితం ఇంకా ఒళ్ళోనే ఉంది. జాతి, సంఖ్య, చోటు, వేళ అని గడులు. మొదట 212 అని రాసింది డేగ రాకముందు. ఇప్పుడు 211 ఉండాలి. మందని మళ్ళీ లెక్కపెట్టడానికి వెలుగు చాలదు. కొట్టేసి దిద్దాలా వద్దా అని పెన్సిలు పట్టుకుని కూచున్నాను.

"ఎంత రాస్తున్నారండి?"

"ఒకటి తగ్గించాలి కదయ్యా."

"ఎందుకండి? అదెక్కడికీ పోలేదు కదా, డేగలో ఉంది" అన్నాడు, నవ్వకుండానే. గెడ బురదలోంచి లాగి, పడవని నీళ్ళలోకి తోశాడు.

నేను దిద్దలేదు. కింద గడిలో భైరి డేగ, 1 అని రాశాను. వేళ దగ్గర నాలుగూ పది.